క్లాసా, యాపా, బట్టీయా: విదేశీ భాషకి మన తిరుపతి వాళ్ళు ఏ దారి పట్టాలి?

తిరుపతి, చిత్తూరు వైపు ఇప్పుడు ఏ ఇంటికెళ్ళినా ఒకరన్నా విదేశీ భాష మాట ఎత్తుతున్నారు. నర్సింగ్ అయిపోయిన అమ్మాయిలు జర్మన్ అంటారు, డిప్లొమా చేసిన అబ్బాయిలు శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, కోబెల్కో ఫ్యాక్టరీల బోర్డులు చూసి జపనీస్ అంటారు, ఎమ్మెస్‌కి పోవాలనుకునేవాళ్ళు బి1 చాలా బి2 కావాలా (ఏ1, ఏ2, బి1, బి2 అని భాష వచ్చిన స్థాయికి పైకి పోయే మెట్లు) అని లెక్కలేస్తుంటారు, ఇవేవీ కాకుండా రాత్రి రెండింటిదాకా కొరియన్ సీరియళ్ళు చూసే బ్యాచ్ ఒకటి వేరే ఉంది. చివరికి అందరూ అడిగేది ఒకటే. కోచింగ్‌లో చేరాలా, ఫోన్లో యాప్ చాలా, పుస్తకం కొనుక్కుని ఇంట్లో కూర్చుంటే రాదా?

నా జవాబు ముందే చెప్పేస్తా. ఆ భాషతో మీరు రేపు చెయ్యాల్సిన పని ఏదో, దాన్ని ఇవాళే చిన్న సైజులో మీతో చేయించే పద్ధతి మీకు మంచిది, చేయించనిది ఎంత పేరున్నదైనా దండగ. కింద రాసిందంతా ఈ ఒక్క కొలతతోనే.

గోవిందరాజస్వామి గుడి దగ్గర కుంకుమ, బొమ్మలు, ఇత్తడి సామాన్లు అమ్మే అంగళ్ళ ముందు కాసేపు నిలబడండి. వస్తున్నవాళ్ళ చీరకట్టు చూసే అంగడామె భాష మార్చేస్తుంది. తమిళంలో "వాంగమ్మా, ఉళ్ళే వందు పారుంగ" అంటుంది, వాళ్ళు దాటిపోగానే వెనకొచ్చేవాళ్ళని కన్నడంలో "బన్ని అక్కా, నోడి" అని పిలుస్తుంది, ఇంకొకళ్ళు ధర అడిగితే హిందీలో చెప్పి అదే హిందీలో బేరం తెగ్గొడుతుంది. ఒక్క వ్యాకరణం పుస్తకం తెరవలేదు. ఆమెకున్నది చిన్న పరిధి. ధర, బేరం, చిల్లర, "ఇది అసలు ఇత్తడే", "చెప్పులు అక్కడ విడవండి", ఇంతే. ఆ కొన్ని వాక్యాలే రోజూ వందసార్లు, తప్పు పలికితే గిరాకీ పక్క అంగడికి పోతుంది కాబట్టి ఫలితం కూడా అక్కడికక్కడే తెలిసిపోతుంది. అదే ఆమెని కర్ణాటక బస్సు మీద బోర్డు చదవమంటే చదవలేదు, చదవాల్సిన అవసరమూ లేదు.

దీనికి సరిగ్గా రెండో కొస చూడాలంటే ఇంటర్మీడియట్ సంస్కృతం. సెకండ్ లాంగ్వేజీ సంస్కృతం తీసుకుని నూటికి తొంభై పైన తెచ్చుకున్నవాళ్ళు మన ఊళ్ళో వీధికి పదిమంది ఉంటారు, "నీ పేరేంటి" అని ఆ భాషలో అడగమంటే దిక్కులు చూస్తారు. వాళ్ళనీ తప్పు పట్టలేం, మార్కులు కావాలనుకున్నారు, మార్కులు వచ్చాయి. ఇదే ఊళ్ళో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో చదివేవాళ్ళలో అదే భాషలో గంటలు గంటలు శాస్త్రం వాదించేవాళ్ళున్నారు. భాష ఒకటే, చేయించిన పని వేరు.

బాగా నేర్చుకునేవాళ్ళు ఏం చేస్తారో చూసి మిగతావాళ్ళకి నేర్పితే సరిపోదా అన్న ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో జోన్ రూబిన్ 1975లో ఈ ప్రశ్న మీదే ఒక వ్యాసం రాశారు. అందులో చెప్పిన లక్షణాలు ఇవాళ్టికీ చెల్లుతాయి: తెలియని మాటని సందర్భాన్ని బట్టి ఊహిస్తారు, ఎట్లాగోట్లా విషయం అవతలివాడికి చేరవెయ్యాలని తాపత్రయపడతారు, నవ్వుతారేమోనని సిగ్గుపడరు, తమ మాటనీ ఎదుటివాళ్ళ మాటనీ గమనిస్తూ తప్పు పట్టుకుంటారు, ఏ అవకాశం దొరికినా సాధన చేస్తారు. బాగానే ఉంది. కానీ 1990లో వాన్, ఏబ్రహాం అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు నేర్చుకోలేక వెనకబడిన ఇద్దరు విద్యార్థినుల్ని దగ్గర్నుంచి చూస్తే, వాళ్ళూ బోలెడు కిటుకులు వాడుతున్నారని తేలింది. లోపం కిటుకులు లేకపోవడం కాదు, చేతిలో ఉన్న పనికి ఏది తగునో అది వాడకపోవడం. అందుకే యూట్యూబ్‌లో "నేను ఇట్లా నేర్చుకున్నా" అని చెప్పేవాళ్ళని వినండి కానీ, వాళ్ళు ఏ పని కోసం నేర్చుకున్నారో ముందు చూడండి.

క్లాసులో చేరాలా, సొంతంగా చదవాలా

జర్మన్ అయితే మొదటి మెట్టు, అంటే ఏ1 వరకు, క్లాసుకే నా ఓటు. మనకి లేని శబ్దాలు ఉన్నాయి, నోరు మొదట్లో తప్పు అలవాటు పడితే తర్వాత సరిచెయ్యడం తలనొప్పి. రాసింది చూసి ఎర్ర సిరా పెట్టే మనిషి కూడా కావాలి. అయితే క్లాసు అనగానే అన్నీ ఒకటి కాదు. గంటన్నర క్లాసులో ముప్పైమంది కూర్చుంటే, మేడం ఒక్క ముక్క మాట్లాడకుండా ఉన్నా తలకి మూడు నిమిషాలు. ఎనిమిదిమంది ఉంటే పదకొండు నిమిషాల పైన. ఫీజు ఎంత అని అడిగే ముందు బ్యాచ్‌లో ఎంతమంది అని అడగాలి. తిరుపతిలో దగ్గరున్న పెద్ద బ్యాచ్ కంటే, చెన్నైలోనో బెంగళూరులోనో కూర్చున్న టీచర్ ఆన్‌లైన్‌లో చెప్పే చిన్న బ్యాచ్ చాలాసార్లు మేలు. నెట్ ఆగిపోతుందేమో అన్న టెన్షన్ ఒక్కటే దాంతో ఉన్న చిక్కు.

ఇక "ఆరు నెలల్లో బి2 గ్యారంటీ" బోర్డుల సంగతి. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథె ఇన్‌స్టిట్యూట్ వాళ్ళే చెప్పే లెక్క ప్రకారం సున్నా నుంచి బి2కి 600 నుంచి 800 పీరియడ్లు పడతాయి, పీరియడ్ అంటే 45 నిమిషాలు. తక్కువలో తక్కువ 600 వేసుకున్నా 450 గంటలు. ఆరు నెలల్లో అవ్వాలంటే ఆదివారం లేదు, సంక్రాంతి లేదు, బ్రహ్మోత్సవాలు లేవు, రోజూ రెండున్నర గంటలు క్లాసే, ఇంట్లో చదివేది వేరే. ఉద్యోగం మానేసి పూర్తిగా కూర్చోగలిగినవాళ్ళకి అసాధ్యం అనను. కానీ హాస్పిటల్లో నైట్ డ్యూటీలు చేస్తూ ఇది అవుతుందని ఎవరన్నా చెబితే, పై లెక్క వాళ్ళ టేబుల్ మీదే వేసి చూపించండి.

యాప్‌ని తీసిపారెయ్యాల్సిన పని లేదు. జపనీస్ హిరగానా, కతకానా, కొరియన్ అక్షరాలు, మొదటి కొన్ని వందల మాటలు, వీటికి యాప్ బ్రహ్మాండం. రోజూ తెరిపించే గుణం కూడా దానికుంది, అది చిన్న విషయం కాదు. దాని లోపమల్లా జవాబు ఎదురుగానే నాలుగు ముక్కల్లో కనబడుతూ ఉండటం. చూసి గుర్తుపట్టడం వేరు, ఖాళీ కాగితం ముందు కూర్చుని లోపల్నుంచి మాట తెచ్చుకోవడం వేరు. రోజూ యాప్ ఆడుతూ నెలల తరబడి వరస తప్పకుండా ఉన్న మనిషి కూడా "నిన్న నేను ఎందుకు రాలేదంటే" అని ఒక వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోవడం మామూలే, ఆ పని యాప్ ఎప్పుడూ అడగలేదు మరి.

మూడో దారి, ఒక్కరికే చెప్పే ట్యూటర్. మొదటి రోజుల్లో దీనికి డబ్బు పొయ్యకండి, అక్షరాలు, అంకెలు నేర్పించడానికి గంటకింత ఇవ్వడం వృథా. ఏ2 దాటాక మాత్రం వారానికి ఒక్క గంట చాలు, ఆ గంటకి మీరు రాసిన ఉత్తరాలు, రికార్డు చేసిన మాటలు తీసుకెళ్ళి తప్పులు దిద్దించుకోవాలి. ట్యూటర్ పాఠం చెబుతుంటే మీరు వింటున్నారంటే డబ్బులు పోతున్నట్టే లెక్క.

మళ్ళీ మళ్ళీ చదవడమా, మూసి గుర్తు తెచ్చుకోవడమా

ఇక్కడ మాత్రం "ఎవరి పద్ధతి వాళ్ళది" అనను, ఒక వైపే మొగ్గుతాను. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడమే.

2008లో కార్పికే, రోడిగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికా కాలేజీ పిల్లలకి 40 స్వాహిలీ మాటలు ఇచ్చి చూశారు. మాట వచ్చేసిన తర్వాత కూడా తమని తాము పరీక్షించుకుంటూ పోయినవాళ్ళకి వారం తర్వాత సుమారు 80 శాతం గుర్తున్నాయి. వచ్చేసింది కదా అని ఆ మాటల మీద పరీక్ష ఆపేసి, చదవడం మాత్రం కొనసాగించినవాళ్ళకి మూడో వంతు పైచిలుకు మిగిలాయి. తమాషా ఏంటంటే నేర్చుకున్న రోజు రెండు రకాలవాళ్ళూ ఒకేలా ఉన్నారు. మనం పరీక్ష ముందు రాత్రి హైలైటర్ పట్టుకుని చదివినప్పుడు అంతా వచ్చేసినట్టు అనిపించేది ఇందుకే.

మరపు ఎట్లా వస్తుందో 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగం చేసుకుని చూపించాడు, మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ భాగం జారిపోతుంది, తర్వాత జారడం నెమ్మదిస్తుంది. దీన్ని వాడుకునే పెట్టె పద్ధతి జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చాడు. యాంకీ లాంటి ఫోన్ ప్రోగ్రాంలు చేసేది కూడా మూలంలో అదే. ఫోన్ తీస్తే వాట్సాప్‌లోకి పోయే చెయ్యి మీదైతే కాగితమే మంచిది. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, వెనక ఖాళీగా ఉన్న మందపాటి అట్టని నాలుగు ముక్కలు చెయ్యండి. ఒక వైపు తెలుగు, రెండో వైపు ఆ భాష మాట. స్వీటు డబ్బాలో అట్టలు అడ్డం పెట్టి ఐదు గదులు చేసుకోండి. కొత్త ముక్కలన్నీ ఒకటో గదిలో, దాన్ని రోజూ చూడాలి. జవాబు వస్తే ముక్క రెండో గదికి పోతుంది, దాన్ని రెండు మూడు రోజులకోసారి చూడాలి. అట్లా ఐదో గదికి వచ్చేసరికి నెలకోసారి చూస్తే చాలు. ఎక్కడ తప్పినా మళ్ళీ ఒకటో గదికే. తెలుగు వైపు చూసి ఆ భాష చెప్పాలి గానీ ఎదురు కాదు, ఎదురు చేస్తే తేలిగ్గా ఉంటుంది, అందుకే చాలామంది అట్లా చేస్తారు. జర్మన్ అయితే నామవాచకం ఒంటరిగా రాయకండి, దాని ముందు లింగాన్ని చూపే డెర్, డీ, డాస్‌లలో ఒకటి ఉండాల్సిందే, మూడింటికి మూడు రంగుల సిరా వాడితే ఇంకా మంచిది.

బట్టీ అని అందరూ ఈసడించుకుంటారు కానీ బట్టీలోనూ రకాలున్నాయి. తిరుమల ధర్మగిరి వేదపాఠశాలలో పిల్లలు చేసే అధ్యయనం చూడండి, గురువు చెప్పింది తిరిగి చెప్పడంతో ఆగదు. క్రమ పాఠంలో ఒకటి రెండు, రెండు మూడు, మూడు నాలుగు అని పదాలు జంటలుగా నడుస్తాయి, జటలో అదే జంట ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి తిరుగుతుంది, ఘనలో ఇంకా మెలికలు. పదం ఎటు నుంచి తగిలినా నోటికి రావాల్సిందే. మీ మాటల జాబితాని పైనుంచి కిందికి ఒకే వరసలో వల్లె వేస్తే వరస గుర్తుంటుంది, మాట గుర్తుండదు. ముక్కలు కలిపెయ్యండి.

ఇంగ్లీషు మీదుగానా, తెలుగు మీదుగానా

దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం ఇదే ముఖ్యంగా కనబడుతుంది. మన దగ్గర జపనీస్ క్లాసులు చాలావరకు ఇంగ్లీషులో నడుస్తాయి, పుస్తకంలో నోట్సు ఇంగ్లీషు, అక్షరాలు రానన్నాళ్ళూ ఇంగ్లీషు లిపిలో రాసుకోవడం. ఇంగ్లీషు వాళ్ళకి తలకిందులుగా కనబడే భాష మనకి నిటారుగానే ఉంటుంది, మనం పోయి వాళ్ళ కళ్ళజోడు పెట్టుకుని చూస్తున్నాం.

"చెన్నై కర తిరుపతి మదె బసు దె ఇకిమసు." చెన్నై నుంచి తిరుపతి వరకు బస్సులో వెళ్తాను. కర అంటే నుంచి, మదె అంటే వరకు, దె అంటే లో. ఒక్క ముక్క కూడా స్థానం మారలేదు. "తబెతె మిరు" అంటే తిని చూడు, ఆ "చూడు" కూడా నిజంగా చూడు అనే క్రియే. "కురు తొ ఇత్త" అంటే వస్తా అని అన్నాడు, మన "అని" ఉన్నచోటే వాళ్ళ "తొ" ఉంటుంది. ఇంగ్లీషులో ఇవి వివరించడానికి పేజీలు పడతాయి, తెలుగులో రెండు ఉదాహరణలు చాలు. కొరియన్ వాక్యం కూడా దాదాపు ఇదే నడక.

లిపి సంగతి ఇంకా విచిత్రం. జపనీస్‌లో హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మారితే అర్థం మారిపోతుంది. ఒబసన్ అంటే అత్త, పిన్ని వరస, ఒబాసన్ అంటే అవ్వ. కితె, కిత్తె రెండూ వేరు మాటలు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే ఈ తేడాలు కళ్ళకి ఆనవు, తెలుగులో రాసుకుంటే దీర్ఘం, ఒత్తు కనబడి తీరతాయి. మన పెద్దవాళ్ళు చుక్క, చల్ల అనేటప్పుడు పలికే చ ఉంది చూశారూ, జపనీస్ బల్లకి చెప్పే "చుకుఎ"లో మొదటి శబ్దం అదే. కాబట్టి హిరగానా చేతికొచ్చేదాకా ఆ రెండు మూడు వారాలూ నోట్‌బుక్కులో తెలుగులోనే రాసుకోండి, తర్వాత ఆపెయ్యండి. జర్మన్‌కి మాత్రం ఈ సలహా పనికిరాదు, పెదాలు గుండ్రంగా చుట్టి పలికే వాళ్ళ అచ్చులు రెండు మన అచ్చుల్లో లేవు, "నేను" అనే మాటకి ఇష్ అని రాసుకుంటే అసలు శబ్దం రాక ఇష్ గానే ఉండిపోతుంది. దానికి చెవే గతి.

జర్మన్‌లోనూ తెలుగు అక్కరకొచ్చే చోటు ఒకటుంది. "ఎందుకంటే" అన్న అర్థంలో వైల్ అనే మాట వచ్చిందంటే ఆ ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలు దీనికి తంటాలు పడతారు, వాక్యం చివర క్రియ పెట్టడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. విభక్తుల దగ్గర కూడా కి, ని, తో అని మనసులో వేసుకుంటే డెర్ మారగా వచ్చే డెం, డెన్ తేడా తొందరగా పట్టుబడుతుంది. బల్ల మగా ఆడా అన్నది మాత్రం తెలుగు చెప్పదు, స్కూల్లో హిందీ "కీ", "కా"లకి పడ్డ అవస్థ ఇక్కడా తప్పదు.

తెలుగు మోసం చేసే చోటు కూడా చెప్పాలి. మనం బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మా మేనేజర్ గారు అంటాం, అనకపోతే తప్పు. జపనీస్ ఆఫీసులో బయటి కంపెనీవాళ్ళతో మాట్లాడేటప్పుడు మన మేనేజర్‌కి గౌరవ వాచకం తగిలించకూడదు. శ్రీసిటీలో దుభాషి పని చెయ్యాలనుకునేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ఇంకొకటి, జపనీస్‌కి 2,200 గంటలు పడుతుందని అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ లెక్క చూపించి భయపెట్టేవాళ్ళున్నారు. అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళకి వేసిన లెక్క. వాక్యం కట్టడంలో మనకి చాలా కలిసొస్తుంది, కాంజీ అనే బొమ్మల్లాంటి అక్షరాల దగ్గర మాత్రం ఏమీ కలిసిరాదు.

ముందు వినడమా, ముందు మాట్లాడటమా

అర్థమయ్యే భాష వింటూ, చదువుతూ పోతే మాట్లాడటం దానంతటదే వస్తుందని ఒక వాదం, భాషా పరిశోధకుడు స్టీఫెన్ క్రాషెన్ పేరుతో నలభై ఏళ్ళుగా వినబడుతోంది. సగం నిజం. కెనడాలో ఇంగ్లీషు పిల్లల్ని ఫ్రెంచి మీడియం బడుల్లో వేసి ఏళ్ళ తరబడి చదివిస్తే, వినడంలో, చదవడంలో ఫ్రెంచి పిల్లలకి దగ్గరగా వచ్చారు, మాట్లాడటం, రాయడం దగ్గర వ్యాకరణం తప్పులు మాత్రం పోలేదు. అది చూసే మెరిల్ స్వెయిన్ 1985లో, నోటితో చెప్పాల్సిన, చేత్తో రాయాల్సిన ఒత్తిడి పడాల్సిందేనని వాదించారు. మనవాళ్ళలో కూడా చూస్తున్నాం, తమిళ సినిమా సబ్‌టైటిల్ లేకుండా చూసే చిత్తూరు వాళ్ళు ఎంతమంది, వేలూరు హాస్పిటల్లో డాక్టరుకి తమ నొప్పి తమిళంలో సరిగ్గా చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది?

కాబట్టి పరీక్షని బట్టి తూకం వేసుకోండి. జపనీస్ స్థాయి పరీక్ష జెఎల్‌పీటీలో మాట్లాడే భాగం లేదు, రాసే భాగమూ లేదు, అన్నీ ఆప్షన్లే. దాని ఐదు మెట్లలో (ఎన్5 నుంచి ఎన్1 దాకా) అన్నిటికంటే కిందిదైన ఎన్5 పాసవ్వాలంటే 180కి 80, వినే భాగంలో 60కి కనీసం 19 రావాలి. అంటే వినడం, చదవడం మీద పడితే సర్టిఫికెట్ వస్తుంది, ఇంటర్వ్యూలో మాత్రం నోరు పెగలదు. గోథె బి1 అట్లా కాదు. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ వేర్వేరు మాడ్యూళ్ళు, ఒక్కోదాంట్లో నూటికి 60 రావాలి, తప్పింది ఒక్కటే అయితే ఆ ఒక్కటే మళ్ళీ రాసుకోవచ్చు. మాట్లాడే భాగంలో మామూలుగా ఇంకో అభ్యర్థితో జంటగా కూర్చోబెట్టి ఇద్దరూ కలిసి ఏదో ఒక పని ప్లాన్ చెయ్యమంటారు.

ఈ ఒక్క విషయం తెలిస్తే ఎట్లా చదవాలో సగం తేలిపోతుంది. బ్యాచ్‌లో ఒక జతని పట్టుకోండి, సాయంత్రం ఎస్వీ యూనివర్సిటీలో వాకింగ్ చేస్తూ హార్స్లీ హిల్స్ టూర్ జర్మన్‌లో ప్లాన్ చెయ్యండి. ఎన్నింటికి బయల్దేరాలి, బస్సా కారా, తిండి ఎవరు తేవాలి, వాన పడితే ఏం చెయ్యాలి. ఒకరు ఒప్పుకోకూడదు, అదీ నియమం. "నాకు అది కుదరదు, ఎందుకంటే" అన్న వాక్యం రోజుకి పదిసార్లు నోట్లో తిరగాలి. ఫోన్లో రికార్డు చేసి ఇంటికెళ్ళి వింటే మీ తప్పులు మీకే వినబడతాయి. పక్కనుంచి పోయేవాళ్ళు తిరిగి చూస్తారు, చూడనివ్వండి.

వినడానికి ఎంచుకునేది మీ స్థాయికి దగ్గరగా ఉండాలి. సాయం లేకుండా హాయిగా చదివి అర్థం చేసుకోవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని పాల్ నేషన్ వాళ్ళ పరిశోధన. ఏ1లో ఉండి వార్తలు పెట్టుకుంటే చెవిలో హోరు తప్ప ఏమీ మిగలదు. జర్మన్‌కి డాయిష్ వెలె, జపనీస్‌కి ఎన్‌హెచ్‌కె వరల్డ్, జపాన్ ఫౌండేషన్ ఉచిత పాఠాలు మెట్లవారీగా ఇస్తున్నాయి, డబ్బు కట్టి కొనే ముందు అవి పూర్తిచెయ్యండి. చంద్రగిరి నుంచో రేణిగుంట నుంచో రోజూ వచ్చిపోయేవాళ్ళకి బస్సు సమయం దీనికే సరి, అదే పాఠం నాలుగు రోజులు విన్నా నష్టం లేదు.

మరి ఎవరికి ఏది

నర్సుగా జర్మనీ వెళ్ళేవాళ్ళకి పూర్తి గుర్తింపు కోసం సాధారణంగా బి2 అడుగుతారు, అక్కడి రాష్ట్రాన్ని బట్టి నర్సింగ్ భాష మీద వేరే పరీక్ష కూడా ఉంటుంది. మీరు రేపు చెయ్యబోయేది పేషెంటుకి నొప్పి ఎక్కడ అని అడగడం, షిఫ్టు మారేటప్పుడు ఇంకో నర్సుకి పరిస్థితి అప్పజెప్పడం. కాబట్టి చిన్న బ్యాచ్ క్లాసు, బి1 నుంచి జత సాధన, ఇవాళ వార్డులో చేసిన పనినే రాత్రి ఐదు వాక్యాల జర్మన్‌లో చెప్పుకోవడం. యాప్‌ని ఇక్కడ లెక్కలోకే తీసుకోకండి.

శ్రీసిటీ వైపు చూసేవాళ్ళు రెండు రకాలు. దుభాషి ఉద్యోగానికి ఎక్కువగా ఎన్2 అడుగుతారు, ఎన్3తో తీసుకునేవీ ఉంటాయి, దానికి ఏళ్ళు పడుతుందని ఒప్పుకుని దిగండి, కాంజీకి పెట్టె పద్ధతి, వారానికోసారి మాట్లాడించే ట్యూటర్ తప్పనిసరి. లైన్లో ఇంజనీరుగానో టెక్నీషియన్‌గానో చేరేవాళ్ళకి అంత అక్కర్లేదు, ఎన్5, ఎన్4 సొంతంగా చదువుకోవచ్చు, అంగడామె పద్ధతిలో మీ పనికి సంబంధించిన వాక్యాలు నోటికి తెచ్చుకోండి.

పెళ్ళయి జర్మనీలో ఉన్న భర్త దగ్గరికి వెళ్ళే అమ్మాయిలకి వీసా కోసం చాలావరకు ఏ1 చాలు, భర్తది బ్లూ కార్డయితే (చదువుకున్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్) అది కూడా అడగరు. కానీ అక్కడ దిగాక అంగడికి, డాక్టరు దగ్గరికి ఒంటరిగా పోవాల్సింది మీరే, కాబట్టి అడగలేదని ఊరుకోకండి. కొరియన్ సీరియళ్ళ బ్యాచ్‌కి ఏ తొందరా లేదు, యాప్‌తో అక్షరాలు, సీరియల్లో రోజుకి రెండు డైలాగులు ఆపి గట్టిగా పలకడం, అంతకు మించి ఫీజులు అక్కర్లేదు.

చివరగా పరీక్షల విషయం. జెఎల్‌పీటీ మామూలుగా జులైలో, డిసెంబరులో మొదటి ఆదివారం పెడతారు, దరఖాస్తులు నెలల ముందే మూసేస్తారు. గోథె పరీక్షకి మనవాళ్ళు ఎక్కువగా చెన్నై మాక్స్ ముల్లర్ భవన్‌కో బెంగళూరుకో పోతారు, సీట్లు తొందరగా అయిపోతాయి, క్లాసు పూర్తయ్యాక చూద్దాంలే అనుకుంటే నెలలు పోతాయి. కోచింగ్ సెంటర్‌లో డెమో క్లాసుకి వెళ్ళినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి: బ్యాచ్‌లో ఎంతమంది, నేను రాసింది ఎవరు దిద్దుతారు, ఎన్ని రోజులకోసారి, పోయిన బ్యాచ్‌లో మాట్లాడే మాడ్యూల్ మొదటిసారే పాసైనవాళ్ళలో ఒకరి నంబరు ఇస్తారా. నాలుగోదానికి జవాబు దాటేస్తే ఫీజు మాట్లాడకుండా లేచి వచ్చెయ్యండి.